ఐరిసమ్మ పడవ ఎక్కిందా?

నల్గొండ,
ఆగస్టు 2022.

తాతా,

నీ ఉత్తరం అందింది. చదివిన ప్రతిసారీ ఒళ్ళు మండింది. ఫోన్లో తిడదామంటే నీకు వినపడదు. అవ్వకు చెప్పి నీకు చెప్పమంటే తనకు నచ్చిన ముక్క చెప్పి మిగతాది మింగేస్తుంది. అందుకే కాగితం మీద తిడుతున్నాను, తీరిగ్గా చదువుకో.

కోత పండుగకు నేను మా చదువుల బృందం ప్రొజెక్టర్ పట్టుకొని ఆత్మకూరు రావాలా? ఐరిస్ హాలమ్ అనే ఇంగ్లండు నటి పాతకాలపు సినిమాను వెతికి తేవాలా? నువ్వు వెనుకటి లాగ తెర పక్కన మైకు పట్టుకొని ఆమె కథను తెలుగులో చెప్తావా? ఇదేం కోరిక తాతా! ఏ కాలంలో ఉన్నావు నువ్వు?

మనది భూమి లేని కులం. నీ నాయిన దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకొని నడిచాడని నువ్వే చెప్పావు. ఆ దొరల వెనుక నవాబు, నవాబు వెనుక తెల్లవాడు నిలబడ్డారు. పోయిన నెల మా బృందంలో చదివిన కరపత్రంలో స్పష్టంగా రాసి ఉంది: పాలకుడు పోయినా వాడి అందం మన కళ్ళల్లో కిరాయికి ఉంటూనే ఉంటుందట. నీ కళ్ళల్లో ఆ దొరసాని కిరాయి కూడా కట్టకుండా ఇన్నేళ్ళు ఉంది. మన ఆడవాళ్ళు నాట్లు వేసి నడుములు విరగ్గొట్టుకుంటుంటే, చేతి తొడుగులు వేలు వేలుకూ నెమ్మదిగా ఊడదీసుకునే మనిషిని చూసి మురిసిపోవాలా?

ప్రొజెక్టర్ ప్రజల వస్తువు. మా శ్రీవాణి అక్క చందాలడిగి కొన్నది. దాన్ని వానలు తగ్గాక కట్టంగూరులో మన వాడకే తీసుకెళ్తున్నాం. మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళ సమ్మె మీద వేరే దేశం వాళ్ళు తీసిన సినిమా చూపిస్తాం. బాపు జాగా చూసి పెడతానన్నాడు. అట్లాంటివి చూడాలి జనం.

చెవి మిషిను పెట్టుకుంటున్నావా, డబ్బాలోనే దాస్తున్నావా?

నీ మనవరాలు,
రూప


ఆత్మకూర్,
సెప్టెంబరు.

నా బంగారు కొరివి రూపకు తాత యోహాను ముద్దులు.

నీ ఉత్తరం మీ అవ్వకు చదివి వినిపిచ్చిన. "గది నీ రక్తమే, ఎవరికి చెప్పుకుంటవ్" అని చేతులూపి, కోళ్ళకు నూకలు చల్లుకుంట పోయింది. సాలమ్మ దగ్గర నాకు న్యాయం ఎన్నడు దొరికింది గనుక.

దొరసాని అంటివి. ఐరిసమ్మ ఏ సినిమాల దొరసాని? చెప్పు. దీపస్తంభం సినిమాల దీపం కావలివాని పెండ్లాం. బడి సినిమాల జీతం రాని పంతులమ్మ. పడవ సినిమాల దొర ఇంట్ల గిన్నెలు తోమే పనిమనిషి. ఒక్కటి చూడకుండనే పేరు పెట్టినవ్. మీ బృందంల గిట్లనే నేర్పుతరా?

నేను మిషన్ దవాఖాన జీపు నడిపేటోన్నని నీకు తెలుసు. అక్కడి ఇంగ్లండు డాక్టరమ్మ పెట్టెనిండ సినిమా రీళ్ళు తెచ్చుకున్నది, అన్నీ ఐరిసమ్మవే. కోత పండుగనాడు జనం గుడికి తెచ్చిన గుమ్మడికాయలు, కోళ్ళు, వడ్ల మూటలు వేలం పాడినంక, గుడి గోడకు తెల్లబట్ట కట్టి సినిమా వేసేది. మాటలు ఇంగ్లీషుల ఉండె, ఎవరికి తెలుస్తయి? అందుకని మిషిను తిప్పేది నేనే, మైకుల కథ చెప్పేది నేనే. జనరేటర్ పక్కన నిలబడి నిలబడి చెవులు పోయినయి. పోనీ, ఫికర్ లేదు.

దీపస్తంభం సినిమాల మొగడు సముద్రంల పోయిండని టెలిగ్రాం వస్తది. ఐరిసమ్మ ఏడ్వది. కాగితం మడుస్తది. పొయ్యి మీద నీళ్ళు పెడ్తది. రెండు కప్పులు తీస్తది. జర సేపు చూసి, ఒక కప్పు మళ్ళ అల్మారల పెడ్తది. గంతే. గా కప్పు అల్మారకు పోంగనే మన వాడల ముసలమ్మలు బోరున ఏడ్చిన్రు. నేను మైకుల ఒక్క మాట చెప్పలే. అవసరం పడలే. గసుంటి మనిషి ఎక్కడ పుడితే ఏంది?

ఇగ అసలు సంగతి. చర్చి సంఘం కార్యదర్శి బెంజమిన్ ఈసారి పెద్ద టీవీ పెట్టి కీబోర్డు పాటలు పెడ్తడట. "తాతా, అందరి చేతులల్ల సినిమాలున్నయి, మీ కథ ఎవరు వింటరు" అని పలక మీద రాసి చూపెట్టిండు. కొట్లాడిన. "మిషిను మీరే తెచ్చుకుంటే పొద్దుగూకినంక గోడ మీకే, గీ ఒక్కసారే" అన్నడు. చెవులు పోయినయి గని గొంతున్నది. వచ్చే ఏడు అది గూడ ఉంటదో లేదో. ఒక్కసారి గా గోడ పక్కన నిలబడాలె బిడ్డా.

నీ కోపాన్ని దేవుడు దీవించుగాక.

యోహాను


నల్గొండ,
అక్టోబరు.

తాతా,

చూడకుండా పేరు పెట్టానన్నావు కదా. చూశాను. శ్రీవాణి అక్క ఎక్కడో వెతికి పడవ సినిమా తెచ్చి ఇచ్చింది. కింద అక్షరాలు కూడా పడుతున్నాయి. ఒక్క అక్షరం వదలకుండా చదువుతూ చివరిదాకా చూశాను.

నాకు ఎంత కోపంగా ఉందంటే ఈ ఉత్తరం మొదటిసారి రాసింది చించేశాను.

చిన్నప్పటి నుంచి మా అందరికీ నువ్వు చెప్పిన కథ ఏంటి? దీవిలో దొర ఇంట్లో పనిచేసే ఐరిసమ్మ దొంగచాటుగా చదువు నేర్చుకుంటుంది. పట్నంలో నర్సు చదువుకు సీటొస్తుంది. దొర కొడుకు పెళ్ళి చేసుకుంటానని దారి కాస్తాడు. పెట్టె పట్టుకొని రేవులో నిలబడుతుంది. వెనుక గుట్ట మీద వాడి కారు, ముందు పడవ. పడవ కూత పెడుతుంది. ఐరిసమ్మ పడవ ఎక్కుతుంది! నర్సయి, మందుల సంచి భుజానికి వేసుకొని అదే దీవికి తిరిగొస్తుంది! అవునా?

ఎక్కలేదు తాతా. పడవ వెళ్ళిపోయింది. ఆమె వెనక్కి తిరిగి, గుట్ట ఎక్కి, కారు దగ్గరికి పోయింది. తర్వాత గుడి గంటలు, తల మీద తెల్ల ముసుగు, దొర కొడుకుతో పెళ్ళి. సమాప్తం. మందుల సంచి ఎక్కడిది? నీ జీపులోదా?

ఊరు ఊరినంతా మోసం చేశావు. ఊరు సంగతి పక్కన పెట్టు, మెర్సీ అత్త సంగతేంటి? కుదిరిన పెళ్ళిని కాదని, ఎవరికీ చెప్పకుండా కర్నూలు బస్సెక్కి నర్సు చదువుకు పోయింది నీ కూతురు. ఎట్ల పోయినవని అవ్వ అడిగితే, "ఐరిసమ్మ పడవ ఎక్కంగ లేంది నేను బస్సెక్కద్దా" అన్నదట. ఆ మాటను మన ఇంట్లో పండుగ పండుగకూ చెప్పుకొని నవ్వుతారు. దవాఖానలో అన్నేళ్ళ నౌకరి, ఆమె బతుకంతా నీ అబద్ధం మీద కట్టుకుంది!

మంచి అబద్ధం అనేది లేదు. జనానికి నిజం తట్టుకునే శక్తి లేదనుకునేవాడు ఎవడైనా సరే దొర పక్షమే. ఈ మాట ఎవరూ రాసింది కాదు, నేనే అంటున్నాను.

అత్తకు చెప్పాలా వద్దా? చెప్పకపోతే నేనూ నీ మోసంలో వాటాదారునే. జవాబు రాయి.

రూప


ఆత్మకూర్,
అక్టోబరు.

రూపా,

వాటాదారు అంటివి. నా ఆస్తిల గింత వాటా అడిగేటోళ్ళే లేరు, నువ్వన్న అడిగినవ్, సంతోషం.

ఆమె గుట్ట ఎక్కుతదని నాకు తెల్వదా? మిషిను బాగున్నదో లేదో చూద్దామని మొదటిసారి దవాఖాన వరండల ఒక్కన్నే వేసుకొని చూసిన. డాక్టరమ్మ కథ ముందే చెప్పింది. పెండ్లి అయితది, మంచి కథ అన్నది. సరే అని కూసున్న. పడవ కూత పెట్టింది. ఐరిసమ్మ మొఖం తెరనిండ వచ్చింది.

రూపా, ఆమె వెనుకకు తిరిగేటప్పుడు మొదలు మెడ తిరుగుతది. కండ్లు తిరగవు. మెడ కారు దిక్కు పోయినా కండ్లు పడవ మీదనే ఉంటయి. గా మొఖం పోతున్నది బిడ్డా. పడవల పోతున్నది. కాళ్ళంటవా, కాళ్ళు సినిమా కంపెనీవోళ్ళయి. జీతమిచ్చి గుట్ట ఎక్కిచ్చిన్రు. మొఖం ఒక్కటే ఆమెది.

అందుకే మొఖం కాడికి రాంగనే మైకు పట్టుకొనే మిషిను కాడికొచ్చి, దాని అద్దానికి అరచెయ్యి అడ్డం పెట్టేటోన్ని. గోడ నల్లగయ్యేది. "ఐరిసమ్మ పడవ ఎక్కింది" అని మైకుల చెప్పి మిషిను బంద్ చేసేటోన్ని. జీపుల మిషిను వేసుకొని పోయిన ప్రతి ఊర్ల గదే. బల్బు వేడికి చెయ్యి కమిలేది, మీ అవ్వ వెన్న రాసుకుంట తిట్టేది. మొఖం ఏం చెప్పిందో అదే చెప్పిన. అబద్ధమెట్లయితది?

నువ్వు కింద అక్షరాలు చదువుకుంట కూసుంటివి. మొఖమెప్పుడు చూసినవ్? అక్షరాలు తీసెయ్. సప్పుడు బంద్ చెయ్. నా చెవులతోటి ఒక్కసారి చూడు.

మెర్సీకి చెప్పుడు నీ ఇష్టం. గని చూసి చెప్పు.

బెంజమిన్ రోజు అడుగుతుండు, మిషిను వస్తదా రాదా అని. నేను ఆకాశం దిక్కు చూపిస్తున్న.

తాత


నల్గొండ,
నవంబరు.

తాతా,

ముందు కట్టంగూరు సంగతి చెప్తాను. నవ్వితే నీకూ నాకూ మాటల్లేవు.

సమ్మె సినిమా వేశాం. వాడంతా వచ్చింది. మొదట్లో నేను లేచి ఉపన్యాసం ఇచ్చాను. బాపు గడియారం చూపిస్తూనే ఉన్నాడు, నేను ఆపలేదు. తర్వాత సినిమా మొదలైంది. కింద అక్షరాలు తెలుగులోనే పెట్టించాం, ఎంత కష్టపడ్డామో! ముందు వరుసలో ఒక ముసలామె "అక్షరాలు ఉరుకుతున్నయి బిడ్డా, పట్టుకునేసరికి వేరేటియి వస్తున్నయి" అన్నది. ఇంకొకామె, "గామె ఎందుకు అరుస్తాంది? ఎవరన్న జర చెప్పేటోళ్ళు లేరా?" అన్నది. నేను చెప్పబోయాను. "పెట్టుబడి స్వభావం ఏంటంటే" అని మొదలుపెట్టాను. ఇంక చూడు, మేకలు కట్టెయ్యాలని ఒకరు, బియ్యం నానబెట్టలేదని ఒకరు, ఒక్కొక్కరే లేచారు. ఆఖరుకు నేను, శ్రీవాణి అక్క, బాపు మిగిలాం. బాపు కుర్చీలోనే నిద్రపోయాడు.

నల్గొండ దాకా ఆ కోపంతోనే వచ్చాను. మనుషుల మీదో, సినిమా మీదో, నా మీదో తెలియని కోపం. నీ మీద కూడా, ఎందుకంటే "చెప్పేటోళ్ళు లేరా" అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది నువ్వే.

గదికొచ్చి, నిన్ను తప్పని నిరూపించాలనే, అక్షరాలు తీసేసి, సప్పుడు బంద్ చేసి పడవ సినిమా పెట్టాను.

మెడ సంగతి నిజమే. ఒప్పుకుంటున్నాను. ఆ మనిషి ఏం చేయకుండానే ఎంత చేస్తుందో! దొర తల్లి తిడుతున్నంతసేపూ గిన్నె తుడుస్తూనే ఉంటుంది. తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడుస్తుంది. మా కరపత్రాలు నాకు ఇన్నేళ్ళలో చెప్పింది ఆమె ఒక గుడ్డముక్కతో చెప్పింది. నువ్వు చూడనిది కూడా నేనొకటి చూశాను. మొదటిసారి తప్ప ప్రతిసారీ చెయ్యి అడ్డం పెట్టి ఆపేశావు కదా, నీకెట్ల తెలుస్తుంది! పెళ్ళి ఫోటో తీసేటప్పుడు అందరూ ఫోటో తీసేవాడిని చూస్తారు. ఆమె చూపు వాడి భుజం మీదుగా ఎటో పోతుంది. అటు సముద్రం ఉంది తాతా.

మిషిను తెస్తున్నాను. శ్రీవాణి అక్కను ఒప్పించాను. పండుగ మరునాడు పొద్దున్నే నల్గొండలో వేరేచోట కావాలి కాబట్టి సినిమా అయిపోగానే బస్సెక్కాలి. కానీ ఒక షరతు. అరచెయ్యి ఉండదు. మిషిను దగ్గర నేనుంటాను. సినిమా చివరి దాకా నడుస్తుంది. మొఖం గురించి చెప్పు, కాళ్ళ గురించి కూడా చెప్పు. గుట్ట ఎక్కిందని నీ నోటితో చెప్పాలి. మెర్సీ అత్త ముందు చెప్పాలి. మాటిస్తేనే వస్తాను.

రూప


ఆత్మకూర్,
నవంబరు.

రూపా,

మాటిచ్చిన. కాళ్ళ గురించి గూడ చెప్త. నోరు వంకర పోయినా చెప్త.

మీ అవ్వ పండుగకు తన గుమ్మడికాయ పెద్దదా, పక్కింటామెది పెద్దదా అని రోజు పోయి చూసొస్తాంది. నేను గొంతు సవరిస్తుంటే కోళ్ళు బెదురుతున్నయట.

తాత


ఆత్మకూర్,
డిసెంబరు.

రూపకు,

నీ మిషిను క్షేమంగ చేరిందనుకుంట. నీకు మొఖం చూపెట్టే ధైర్యం లేక కాగితం రాస్తున్న.

పడవ కూత పెట్టెదాంక మంచిగనే చెప్పిన గదా? గిన్నెలు తోమేకాడ జనం నవ్వుతున్నరని, దొర తల్లిని తిడుతున్నరని వాళ్ళ భుజాలు చూస్తే తెలుస్తనే ఉన్నది. గా మొఖం వచ్చేసరికి నీకిచ్చిన మాట గొంతుల అడ్డంబడ్డది. ఎక్కింది అంటే నీకు అబద్ధం. ఎక్కలే అంటే ఆమెకు అబద్ధం. తెర దిక్కు చూసుకుంట, మైకు పట్టుకొని, మొద్దు లెక్క నిలబడ్డ. ఇంతల తెర నల్లగయింది. నీకు కోపమొచ్చి బంద్ చేసినవని అప్పుడే తెలిసింది. నువ్వు తప్ప మిషిను దగ్గర ఎవరున్నరు?

లైట్లు వేసేసరికి మీ అవ్వ నవ్వుతాంది. మెర్సీ ఏడుస్తాంది. బెంజమిన్ నోరు తెరిచి నిలబడ్డడు. అందరి నోర్లు కదులుతున్నయి. చేతులూపి ఏందో చెప్పబోయిన్రు, పలక తెచ్చిన్రు. చూడనని మొఖం తిప్పుకొని, ఇంటికొచ్చి దుప్పటి కప్పుకున్న. అప్పటి నుంచి మీ అవ్వతోటి మాటల్లేవు. పలక బావి గట్టు మీద పారేసిన.

ఒక్కసారి అన్నరు, ఆ ఒక్కసారి చెడగొట్టుకున్న. చెవులు పోయినా గొంతున్నదని విర్రవీగిన. ఇగ బెంజమిన్ కీబోర్డే పెట్టుకోనీ.

యోహాను


నల్గొండ,
డిసెంబరు.

మొండి తాతకు,

ఇన్నేళ్ళు ఐరిసమ్మ మొఖం చదివినవాడివి, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళ మొఖాలు చదవలేకపోయావా? నీతో ఎట్ల వేగుతుందో సాలమ్మ! నేనూ అరిచాను, నీ అంగీ పట్టుకొని గుంజాను. విదిలించుకొని పోతివి. బస్సు టైమయింది, ప్రజల వస్తువు చేతిలో ఉంది, ఏం చేయను?

దుప్పటి తీసి విను. తెర దిక్కు తిరిగి నిలబడ్డావు కాబట్టి నీకు కనపడలేదు, నీ చెవులకు వినపడలేదు. నేను మిషిను దగ్గర, అందరి వెనుక ఉన్నాను. అంతా విన్నాను.

పడవ కూత పెట్టింది. ఆమె మొఖం వచ్చింది. నీ గొంతు ఆగింది. నువ్వు మాట మింగుతున్నావని నాకు అర్థమైంది, చెప్పు తాతా చెప్పు అని నేను పళ్ళు కొరుకుతున్నాను. అప్పుడు ఆడవాళ్ళ వరుసల్లో నుంచి ఒక ముసలి గొంతు, "ఎక్కుతది సూడున్రి" అన్నది. ఇంకొకామె, "యోహానన్న ఎందుకు చెప్తలేడు? ఎక్కింది గదా!" అన్నది. మన అవ్వ లేచి, "ఎక్కకుంటే నేనొచ్చి తోస్త!" అన్నది. దానికి అందరూ నవ్వారు. లైట్లు వేశాక అవ్వ మొఖం మీద నువ్వు చూసింది ఆ నవ్వే.

తర్వాత మెర్సీ అత్త లేచి నిలబడ్డది. అచ్చం నువ్వు మైకులో చెప్పినట్టే, నీ రాగంతోనే, "ఐరిసమ్మ పడవ ఎక్కింది!" అన్నది. తాతా, ఇంక ఆడవాళ్ళంతా అందుకున్నారు. నీ మాటలే, ఒక్క ముక్క పోకుండా. నర్సయింది, మందుల సంచి భుజానికేసుకున్నది, అదే దీవికి మర్లొచ్చింది. తల్లులు చెప్తుంటే, సినిమా ఎన్నడూ చూడని పిల్లలు కూడా వెనుక నుంచి అంటున్నారు. నువ్వు మొద్దులా నిలబడ్డ ఆ కాసేపూ నీ సినిమాను ఊరంతా చెప్పింది. నీకు ఒక్కడికే వినపడలేదు. చెవి మిషిను డబ్బాలో పెట్టుకున్నందుకు నీకు తగిన శాస్తి.

అత్త ఆటోలో నాతో బస్టాండు దాకా వచ్చింది. నేను ఉండబట్టలేక చెప్పేశాను: అత్తా, సినిమాలో ఆమె పడవ ఎక్కదు, కారు దగ్గరికి పోతుంది. అత్త కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆమె కారెక్కితే నాకేంది, నేనైతే బస్సెక్కిన గదా" అన్నది. తర్వాత, "గా ముచ్చట మీ తాతతోటి అనకు, ఫికర్ చేస్తడు" అన్నది. అందుకే అంటున్నాను.

బెంజమిన్ ఫోన్ చేశాడు. వచ్చే ఏడు దీపస్తంభం సినిమా దొరుకుతుందా, తాత వస్తాడా అని అడిగాడు. వస్తాడు, ముందు బావి గట్టు మీద పలక వెతుక్కోమన్నాను.

ఇంక తెర నల్లబడిన సంగతి. నేను కోపంతో బంద్ చేయలేదు. నా షరతు నాకు గుర్తుంది. చివరి దాకా నడవాలని నేనే అన్నాను. ఆడవాళ్ళు అట్ల అరుస్తుంటే తెర మీద ఆమె మెడ తిరగడం మొదలైంది. కళ్ళు ఇంకా పడవ మీదే ఉన్నాయి. ఇంకొక్క క్షణమైతే కాళ్ళు గుట్ట దిక్కు పోతాయి. చేతిలో రిమోటు ఉందన్న సంగతే తట్టలేదు తాతా. అరచెయ్యి అడ్డం పెట్టాను.

ఇప్పటి మిషిన్లు కాలవు. జర వెచ్చగా ఉంటుంది, అంతే. గోడ నల్లగా అయిపోయింది కానీ ఐరిసమ్మ ఎటూ పోలేదు. ఆ వెలుగంతా వచ్చి నా అరచేతిలో పడింది. చిన్నగా, అలుక్కుపోయినట్టు, ఆ మొఖం నా చేతిలో కదులుతూనే ఉంది.

నీ చేతిలో కూడా అట్లనే కదిలేదా? ఊరూరా, ప్రతిసారీ? మరి ఆ ఒక్క ముచ్చట మాకెవరికీ ఎందుకు చెప్పలేదు, ముసలోడా?

రూప